పదకొండు నిమిషాలు

అక్టోబరు 3, సోమవారం

ముసలోడు లేస్తున్నాడు. ముసలోడంటే మా కంప్యూటర్. బటన్ నొక్కిన దగ్గర్నుంచి బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరుచుకునే దాకా పదకొండు నిమిషాలు. గోడ గడియారం పెట్టి చూశాను, అటూ ఇటూ కాదు. ముందు గురక పెడతాడు, తర్వాత లోపల టకటకమని ఏదో కొట్టుకుంటుంది, ఆ తర్వాత చాలాసేపు నల్ల తెర. పన్నెండేళ్లుగా మా ఎంబ్రాయిడరీ షాపులో ఉన్నాడు. తొందరపెట్టినా వినడు, తిట్టినా వినడు.

ఈ పదకొండు నిమిషాలూ ఏం చేయాలో తోచక ఈ పుస్తకం తెరిచాను. ఆర్డర్లు రాసుకుందామని కొన్నది. ఎవరూ చదవడానికి కాదు. చదివితే వాళ్లకే సిగ్గుండాలి.

అక్క షోరూంలో చేరి ఇవాళ్టికి వారం. అక్క గురించి రాయడానికి కాదు పుస్తకం తెరిచింది, మాటవరసకు రాశాను. ఆవిడ వెళ్లిపోతే ఈ షట్టర్ లేవదని చెవులు కొరుక్కున్నవాళ్లు ఈ సందులో చాలామందే ఉన్నారు. ఏడున్నరకల్లా లేపాను. సందంతా వినబడేలా లేపాను.

టీకి రెండు కప్పుల నీళ్లు పోశాను. పొరపాటు. పారబోయడమెందుకని రెండూ నేనే తాగాను. టీ నాకు మొదట్నుంచీ ఎక్కువే.

లేచాడు.

4, మంగళవారం

మొదలుపెట్టాను కాబట్టి ఇదీ రాసేస్తాను, ఒక పని అయిపోతుంది.

ఇరవై రెండేళ్లు ఇద్దరం కలిసి నడిపిన షాపు ఇది. యూనిఫాంల మీద గుర్తులు, దిండు గలీబుల మీద పేర్లు, హోటలు తువ్వాళ్ల మీద అక్షరాలు. అక్క కంప్యూటర్లో బొమ్మ గీసేది, నేను మెషీన్ మీద కుట్టేదాన్ని. ఎవరొచ్చినా అక్కది ఒకటే మాట: "నేను బుర్ర, మా చిన్నీ చెయ్యి." వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఇరవై రెండేళ్లు నవ్వాను.

పోయిన నెల మెయిన్ రోడ్డు షోరూంవాళ్లు ఆవిడకి డిజైనర్ ఉద్యోగం ఇస్తామన్నారు. ఏసీ గది, తిరిగే కుర్చీ, పన్నెండు సూదుల మెషీన్లు నాలుగు.

"నువ్వూ రావే" అంది అక్క. "కుట్టేవాళ్లు కూడా కావాలంట. నేను చెప్తే తీసుకుంటారు."

కుట్టేవాళ్లు కూడా అట. కుర్చీలూ ఫ్యాన్లూ కొంటూ పనిలో పనిగా నన్నూ కొంటారన్నమాట.

"నేను రాను" అన్నాను.

"ఈ డొక్కు పెట్టెని నమ్ముకుని ఎన్నాళ్లు నెట్టుకొస్తావే? అదీ నువ్వూ ఒకే రోజు మూలపడతారు."

"పడితే పడతాం. నీకేం నొప్పి?"

ఆఖరి రోజు బొమ్మలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంది. పదకొండువందల నలభై బొమ్మలు. గీసింది ఆవిడే, తీసుకుంటే తప్పేముంది? ఒక మాట అడిగి తీసుకోవచ్చు కదా అని కూడా నేను అనుకోలేదు. అనుకున్నాను, అనలేదు.

5, బుధవారం

నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చారు. ఏటా వాళ్ల ఏప్రన్ల మీద కొంగ గుర్తు కుట్టేది మేమే. గుండ్రటి గీత మధ్యలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. రెండువందల అరవై ఏప్రన్లు. మిగతా ఆర్డర్లు ఉన్నా లేకపోయినా ఈ షాపు ఏడాదంతా నిలబడేది ఆ కొంగ కాలు మీదే. అది పోతే షట్టర్ నేను ఎంత గట్టిగా లేపినా లాభం లేదు.

మేడమ్ కూర్చోలేదు. అప్పుడే నాకు అర్థమైంది.

"మీ అక్కగారు షోరూం తరఫున వచ్చి కలిశారమ్మా. ఈసారి వాళ్లు కుడతామంటున్నారు. నాకు ఇద్దరూ కావలసినవాళ్లే, ఎవర్ని కాదనను చెప్పండి? ఇరవయ్యో తారీకుకి చెరొక ఏప్రన్ కుట్టి ఇవ్వండి. మూడుసార్లు వేడినీళ్లలో ఉతికించి ఇస్త్రీ చేయిస్తాను. ఎవరి కొంగ మెడ తిన్నగా ఉంటే వాళ్లదే ఆర్డరు."

"ఉతికించండి మేడమ్. కావాలంటే ఉడకబెట్టించండి" అన్నాను.

మేడమ్ నవ్వి, పోయినేడాది కొంగ ఒకసారి చూపించమన్నారు. ముసలోణ్ణి అడిగాను. గిర్రున తిరిగాడు, తిరిగాడు, తెర నీలంగా మారి ఆగిపోయాడు. మేడమ్ తెర వంక చూశారు, నా వంక చూశారు. "పర్లేదులెండి" అన్నారు. ఆ పర్లేదు ఇప్పటికీ చెవిలో ఉంది.

నా కొంగ కోసం నన్నే పోటీకి నిలబెట్టింది అక్క. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు. సరే. చూద్దాం.

6, గురువారం

కంప్యూటర్లు బాగుచేసే అద్దాలాయన దగ్గరికి వెళ్లాను. కళ్లద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటాయి, దేనికి కొన్నాడో తెలీదు.

"కొత్తది కొనేయండమ్మా" అన్నాడు వినకుండానే.

"మా కుట్టు ప్రోగ్రాం కొత్తవాటిలో ఎక్కదు. నువ్వే చెప్పావు పోయినేడాది."

"చెప్పానా? అయితే నిజమే." అద్దాలు కిందికి దించాడు. "మీవాడికి రోగం ఒకటేనమ్మా. లోపలున్న హార్డ్ డిస్క్ గిర్రున తిరుగుతూ వెతుక్కునే రకం. ముసలైపోయింది, వెతుక్కోలేకపోతోంది. దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయిద్దాం. తిరిగేదేమీ ఉండదు, అడిగింది అడిగినట్టు ఇచ్చేస్తుంది. పెట్టె అదే, ప్రోగ్రాం అదే. లేవడం మాత్రం కుర్రాడిలా లేస్తుంది."

"ఎన్ని రోజులు పడుతుంది?"

"ఇక్కడ వదిలేసి వెళ్తే నాలుగు రోజులు. నా ముందు పద్నాలుగు పెట్టెలున్నాయి."

నాలుగు రోజులు నాకెక్కడివి? "సామాను ఇవ్వు, నేనే వేసుకుంటా" అన్నాను. ఆయన నా వేళ్ల వంక చూశాడు. సూదిపోట్లతో రాయిలా అయిపోయిన వేళ్లు. "స్క్రూలు నాలుగేలెండి" అన్నాడు ఆఖరికి.

7, శుక్రవారం

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఎస్‌ఎస్‌డీ సంగతి చెబితే, "బస్సుకి కొత్త ఇంజను వేస్తే సరిపోతుందా, డ్రైవరు పాతదే కదా" అన్నాడు. రాత్రి చారు లేదు ఆయనకి.

8, శనివారం

తెచ్చాను. ఇంతే ఉంది, నా అరచేతికంటే చిన్నది, బరువే లేదు. ఇందులో పదకొండువందల నలభై బొమ్మలు పడతాయా అని అడిగితే అద్దాలాయన నవ్వాడు. పాతదానిలో ఉన్నదంతా కొత్తదానిలోకి కాపీ చేసే ప్రోగ్రాం ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు.

"ఏది సోర్సో, ఏది టార్గెట్టో చూసుకోండమ్మా. రెండూ ఒకే సైజు, తిరగబడితే నా దగ్గరికి రాకండి."

"నలభై ఏళ్ల నుంచి బొమ్మలు దించుతున్నానయ్యా. నాకు చెప్తావా?"

రేపు ఆదివారం. రేపే.

9, ఆదివారం

అయింది. బాగానే అయింది. తర్వాత రాస్తాను.

10, సోమవారం

ఏమీ జరగలేదు.

11, మంగళవారం

రాస్తాను. రాయకపోతే ఎవరికి చెప్పుకోను?

ఆదివారం పొద్దున ముసలోడి పక్క రేకు విప్పాను. పన్నెండేళ్ల దుమ్ము, దారాల పీచు, ఒక సూది కూడా దొరికింది. పాత డిస్క్ బయటికి తీశాను. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి కొత్తదాన్ని కింద పెట్టి, మధ్యలో మెత్తగా మడత పెట్టిన గుడ్డ ముక్క వేసి, పాతదాన్ని పైన పెట్టాను. చిన్నప్పుడు అమ్మ నేర్పిన పద్ధతి అది. బొమ్మ కాగితం పైన, కార్బన్ మధ్యలో, గుడ్డ కింద. బొమ్మ పైనుంచి కిందికే దిగుతుంది. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా కింది నుంచి పైకి ఎక్కలేదు.

లోపల తీగలు రెండు ఉన్నాయి. రేపట్నుంచి కొత్తవాడు కూర్చోవాల్సిన చోటే కదా అని మొదటి తీగ కొత్తదానికి తగిలించాను, రెండోది పాతదానికి. అద్దాలాయన పెన్‌డ్రైవ్ పెట్టి బటన్ నొక్కాను. తెర మీద రెండు పెట్టెలు వచ్చాయి, పైనొకటి, కిందొకటి, మధ్యలో కిందికి బాణం గుర్తు. అచ్చం నా బల్ల మీదలాగే. రెండిటికీ ఒకే సైజు రాసి ఉంది. పైనున్నది పాతదే అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, నా చేతికి తెలుసు, బొమ్మ పైన ఉంటుంది. కిందిదాంట్లో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని అడిగింది. కొత్తదాంట్లో ఏముందని చెరగడానికి! సరే అని నొక్కాను.

ఆ ప్రోగ్రాంకి నా బల్ల ఏం తెలుసు? మొదటి తీగకు ఉన్నది పైన, రెండో తీగకు ఉన్నది కింద, అంతే దాని లెక్క. పైనున్నది ఖాళీ కొత్తది.

రెండు గంటల పది నిమిషాలు పట్టింది. ఆకుపచ్చ గీత ఒక్కో అంగుళం నిండుతుంటే నేను పక్కన కూర్చుని మురిసిపోతూ చూశాను. మధ్యలో టీ కూడా తాగాను. ఇరవై రెండేళ్ల పని మీద తెల్ల సున్నం కొట్టుకుంటూ, టీ తాగుతూ చూశాను.

నా చేతులు విరిగిపోనూ.

ఆ ప్రోగ్రాం చేసినవాడు 'ఇది ఖాళీది తల్లీ' అని ఒక్క ముక్క రాసి ఉండొచ్చు. తప్పు వాడిదే. సగం వాడిదే.

12, బుధవారం

రావద్దన్నవాడి దగ్గరికే వెళ్లాను, రెండు డిస్కులూ చేతిరుమాల్లో చుట్టుకుని.

అద్దాలాయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "చెరిపేసిన ఫైలైతే తవ్వి తీయొచ్చమ్మా. మీద కొత్తగా రాసేశాక ఏం తీస్తాం?" అన్నాడు. పద్నాలుగు పెట్టెలూ పక్కన పెట్టి నాతో షాపుకి వచ్చాడు. కొత్తదాంట్లో అన్నీ మొదట్నుంచి ఎక్కించాడు. కుట్టు ప్రోగ్రాం సీడీ బీరువాలో ఉంది, దాన్ని తెరిచే తాళం, పెన్‌డ్రైవ్ లాంటిది, ముసలోడి వెనక గుచ్చే ఉంది. అది ఎక్కింది.

బటన్ నొక్కాడు. నేను గడియారం చూశాను.

పద్దెనిమిది సెకన్లు.

"చూశారా?" అన్నాడు సంతోషంగా, తర్వాత నా మొహం చూసి అద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. ప్రోగ్రాం తెరుచుకుంది. బొమ్మల పెట్టెలో సున్నా అని ఉంది.

13, గురువారం

పద్దెనిమిది సెకన్లలో ఇంతే రాయగలిగాను.

(మధ్యాహ్నం) కాదు, రాయాలి. అందరూ ఒకటే పాట. అద్దాలాయన: "మీ అక్కగారి దగ్గర కాపీ ఉందన్నారుగా, అడగండి." మా ఆయన: "ఫోన్ చెయ్యి, ఐదు నిమిషాల పని. అక్కే కదా, పులా?" పక్క టైలరమ్మ: "అడిగితే పోయేదేముంది చిన్నీ?"

పోయేదేముందట. నేను వెళ్లి ఏసీ గదిలో నిలబడి, అక్కా, నువ్వు చెప్పినట్టే పెట్టె మూలపడింది, నేనే పడేశాను, నీ కొంగ ఇస్తే దాంతోనే నీ మీద పోటీకి వస్తాను అని అడగాలన్నమాట. ఆవిడ ఇస్తుంది కూడా. అదే నాకు మంట. ఇచ్చి, తల మీద చెయ్యి వేసి, "చెయ్యి కదే నువ్వు, నీకెందుకు ఇవన్నీ" అంటుంది.

అడగను. ఆరు నూరైనా అడగను. కొంగ నేనే గీస్తాను.

నాకు గీయడం రాదు. అది వేరే సంగతి.

14, శుక్రవారం

మా షాపులో ఒక పద్ధతుంది. ఏ బొమ్మైనా మొదటిసారి కుట్టినప్పుడు ఆ గుడ్డ ముక్క దాచి పెట్టుకుంటాం, తర్వాత రంగులు సరిచూసుకోవడానికి. అట్టలకు పిన్నులు కొట్టి పదహారు లావాటి పుస్తకాలున్నాయి పై అరలో. ఇవాళ దించాను. తుమ్ములు, తుమ్ములు. కొంగ ఏడో పుస్తకంలో దొరికింది.

ముందు చూసి గీద్దామని కూర్చున్నాను. కుదరలేదు. ముందువైపు అందంగా ఉంటుంది గానీ, సూది ఎక్కడ మొదలై ఎటు తిరిగి ఎక్కడ ఆగిందో ఏం తెలుస్తుంది? పిన్నులు ఊడదీసి తిరగేశాను. అప్పుడు కనబడింది. ముడి ఎక్కడుంది, దారం ఎక్కడ దాటింది, ఏ రెక్క ముందు కుట్టారు, ఏది తర్వాత. కుట్టినదాన్ని నేనే కదా, నాకు చదవడానికి వచ్చేస్తోంది. వేలు పెట్టి పోతుంటే సూది వెళ్లిన దారంతా వేలికి తెలుస్తోంది.

మెడ దగ్గర ఆగాను. మెడ కుట్టు కింద అడ్డంగా రెండు వరసలు, వేరే కుట్టు. అక్క గీసిన బొమ్మలో ఇలాంటివి లేవు, నాకు బాగా తెలుసు. ఎవరు వేశారివి?

నేనే. మొదటి ఏడాది ఉతికితే మెడ ముడతలు పడింది. అప్పట్నుంచి ఏప్రన్ పెద్ద మెషీన్‌కి ఎక్కించకముందే మామూలు కుట్టుమిషన్ మీద ఆ అడ్డకుట్టు వేసేదాన్ని. పుస్తకంలోని ముక్క కూడా అప్పుడే మార్చాను. పెద్ద మెషీన్ మీటలు తిప్పి మెడను గీసినదానికంటే ఒక దారం లావు చేసేదాన్ని, దారం ఎలాగూ లోపలికి లాగుతుంది కాబట్టి. కాలి నుంచి పైకి కుట్టించేదాన్ని. ఇవేవీ కంప్యూటర్లో లేవు. ఎప్పుడూ లేవు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పాల్సినంత విషయమని నాకే తెలియదు.

అంటే పెన్‌డ్రైవ్‌లో ఉన్న కొంగకి ఈ అడ్డకుట్టు లేదు. మూడు ఉతుకులకి మెడ ఏమవుతుందో నాకు తెలుసు.

నాకేం.

15, శనివారం

మౌస్ పట్టుకోవడం సూది పట్టుకోవడం కాదు. పొద్దున్నుంచీ గీస్తే చేట అంత కొంగ వచ్చింది.

16, ఆదివారం

కొంగ కాదు, బాతు. మా ఆయన బాగుందన్నాడు. చారు కోసం.

17, సోమవారం

వచ్చింది! గుడ్డ ముక్కని తిరగేసి, వెనకవైపు దారి ఎలా ఉందో అలాగే ఒక్కో గీతా గీశాను. అందం కోసం చూడలేదు, సూది ఎటు వెళ్లిందో అటు వెళ్లాను. ముందు అడ్డకుట్టు గీశాను, ఈసారి కంప్యూటర్లోనే. మెడ ఒక దారం లావు. కాలి నుంచి పైకి. మెషీన్‌కి ఇచ్చాను. నలభై నిమిషాలు కొట్టుకుంది. ఫ్రేము విప్పి చూస్తే, కొంగ నిలబడి నా వంకే చూస్తోంది. అక్క కొంగలా నాజూగ్గా లేదు. కాస్త మొండిగా ఉంది. ఉండనీ.

వేడినీళ్లలో నేనే మూడుసార్లు ఉతికాను. మెడ కదల్లేదు. తువ్వాలు నెత్తిన వేసుకుని షాపులో రెండు చుట్లు తిరిగాను, ఎవరూ లేరు కాబట్టి.

ఊపు మీద ఇంకో నాలుగు బొమ్మలు దించాను. కంప్యూటర్ ఎదురు చూడనివ్వడం లేదు. అడిగేలోపే ముందుంటుంది.

18, మంగళవారం

అక్క వచ్చింది.

ఎనిమిదికి, షోరూం చీరలో. మెడలో ఆ గుర్తింపు కార్డు. గుమ్మంలోనే నిలబడింది, తన షాపులో తానే పరాయిదానిలా. చేతిలో ఒక సంచి.

"మీ ఆయన చెప్పాడే" అంది. "అన్నీ పోయాయంట కదా."

ఆయన పని తర్వాత చెబుతాను. "పోలేదు. నేనే చెరిపాను" అన్నాను.

సంచిలోంచి ఏప్రన్ తీసి బల్ల మీద పరిచింది. కొంగ. మెడ మెలికలు తిరిగిపోయి ఉంది, పిండిన తువ్వాలులా. "ఆరుసార్లు కుట్టించాను. అంత పెద్ద మెషీన్లు, ఉతగ్గానే ఇలాగే అవుతోంది. ఇక్కడ కుట్టినప్పుడు ఎప్పుడూ ఇలా కాలేదు. ఏం చేసేదానివే దానికి?"

నేను దారం రీళ్లు సర్దడం మొదలుపెట్టాను.

పెన్‌డ్రైవ్ తీసి ఏప్రన్ పక్కన పెట్టింది. "పదకొండువందల నలభై. అన్నీ ఉన్నాయి. తీసుకో. కొంగ సంగతి ఒక్కటి చెప్పు."

దేవుడి మీద ఒట్టు, చెయ్యి వెళ్లింది దాని దగ్గరికి. నా దగ్గర ఉన్నవి ఐదు బొమ్మలు. పదకొండువందల ముప్పై ఐదు మళ్లీ దించాలంటే ఎన్నేళ్లు పడుతుందో. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నీ బొమ్మలు నీ దగ్గరే ఉంచుకో."

"ఒసేయ్, చావడానికైనా ఇంత మొండితనం పనికిరాదే!"

"బతకడానికి పనికొస్తోందిలే."

అక్క స్టవ్వు వైపు చూసింది. గిన్నె అక్కడే ఉంది, రెండు కప్పులూ బోర్లించి ఉన్నాయి.

"టీ పెట్టవా?" అంది.

"కంప్యూటర్ ఎప్పుడో లేచింది. ఇప్పుడు పద్దెనిమిది సెకన్లే. టైం లేదు."

అక్క పెన్‌డ్రైవ్ తీసి సంచిలో వేసుకుంది. ఏప్రన్ మడత పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇరవై రెండేళ్లు, పొద్దున్నే ఇద్దరం ఆ స్టవ్వు దగ్గర నిలబడి మాట్లాడుకున్నాం. ముసలోడు రాకముందు మెషీన్‌కి నూనె పెట్టే టైంలో, వచ్చాక వాడు లేచే లోపు. ఎవరి ఇంట్లో ఏమైంది, ఎవరికి ఒంట్లో ఏం బాగాలేదు, అన్నీ ఆ కాస్త టైంలోనే. మిగతా రోజంతా మెషీన్ చప్పుడులో ఏం వినబడుతుంది?

గెలిచింది నేనే. ఈ మాట గుర్తుంచుకోవడానికి రాస్తున్నాను.

19, బుధవారం

నిన్న టీ పెట్టాల్సింది.

20, గురువారం

ప్రిన్సిపాల్ మేడమ్ గది బయట బెంచీ మీద ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం, ఒడిలో చెరొక ఏప్రన్. అక్క మోకాలు నొప్పికి కాలు చాపుకుని కూర్చుంది. మందు వేసుకుంటున్నావా అని అడగబోయి ఊరుకున్నాను. ఇంతకుముందైతే ఎనిమిది లోపే తెలిసిపోయేది.

ఏప్రన్లు ఇచ్చేశాం. ఎవరి దారిన వాళ్లం వచ్చేశాం. నేను ముందు నడిచాను.

22, శనివారం

మేడమ్ పిలిచారు. రెండు ఏప్రన్లూ బల్ల మీద ఉన్నాయి. చూడక్కర్లేదు, చూశాను. అక్క కొంగ మెడ తిప్పుకుని ఎటో పోయింది. నాది నేను ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, ఇస్త్రీ మడతలతో సహా.

"ఇది పాత బొమ్మ కాదేమో కదమ్మా? కొంచెం మారింది. ఎవరు గీశారు?"

అలవాటైన మాట నాలుక చివరికొచ్చింది. మింగేశాను.

"మొదట గీసింది మా అక్క మేడమ్. ఇది నేను గీశాను. మెడ ముందు నుంచీ నాదే."

రెండువందల అరవై. కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారు. దారిపొడవునా నవ్వుకుంటూ వచ్చాను, బస్సులో అందరూ చూస్తున్నా. అది మా ఆయన బస్సే. "టికెట్ తీసుకున్నావా?" అన్నాడు అద్దంలోంచి. ఈ పూట చారు పెడతాను.

షట్టర్ తెరిచి లోపలికొచ్చాక ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పెట్టేశాను.

24, సోమవారం

ఏడో పుస్తకంలోని పాత కొంగ ముక్క సంచిలో వేసుకుని షోరూంకి వెళ్లాను. గాజు తలుపు దానంతట అదే తెరుచుకుంది, నేను ఒకడుగు వెనక్కి వేశాను. వేశానని ఎవరూ చూడలేదు.

అక్క గది చివర్లో ఉంది. నన్ను చూసి లేచింది. "గెలిచావుగా, ఇంకా దేనికొచ్చావ్?" అంది. కళ్లు మాత్రం అలా అనలేదు. షోరూంవాళ్లు ఏమన్నారో నేను అడగలేదు.

గుడ్డ ముక్క బల్ల మీద పెట్టాను. "తిరగెయ్" అన్నాను.

తిరగేసింది. కళ్లద్దాలు పెట్టుకుంది. మెడ దగ్గర వేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉంచింది.

"ఈ అడ్డకుట్టు ఎప్పట్నుంచి వేస్తున్నావే?"

"రెండో ఏడాది నుంచి."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వెప్పుడూ తిరగేయలేదే!"

అక్క కుర్చీలో కూర్చుంది. కుర్చీ కాస్త అటు తిరిగింది, కాలితో ఆపుకుంది. "ఇరవై రెండేళ్లు అందరికీ ఏం చెప్పానే నేను, నీ గురించి?" అంది. కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. నాకు ఏడుపొచ్చింది, కానీ అక్కడ పన్నెండు సూదుల మెషీన్ల ముందు ఏడుస్తానా?

"ఇప్పుడెందుకు చెప్పావు? ఆర్డరు నీకొచ్చాక?"

"ముందు చెప్తే నాకొచ్చేది కాదుగా."

నవ్వేసింది. అప్పుడు మళ్లీ సొరుగు లాగి పెన్‌డ్రైవ్ తీసింది. "బదులేమీ వద్దు. ఊరికే తీసుకో."

"వద్దు. నాకు ఇవాళ్టికి ఇరవై మూడు అయ్యాయి. మిగతావి ఒక్కోటీ దించుకుంటా. నీ గీతలో నాకు నచ్చనివి మారుస్తా కూడా."

"మరి ఏం కావాలే నీకు? మళ్లీ షాపుకి రమ్మంటావా?"

"రావద్దు. నీ ఉద్యోగం నువ్వు చేసుకో. నీకు ఇక్కడ డ్యూటీ ఎన్నింటికి?"

"ఎనిమిదిన్నరకి."

"అయితే ఏడున్నరకి రా. పనికి కాదు, టీకి. పదకొండు నిమిషాలు కూర్చుని పో."

"నీ పెట్టె పద్దెనిమిది సెకన్లలో లేస్తోందన్నావుగా?"

"దాన్ని నువ్వెళ్లాక లేపుతా."

25, మంగళవారం

షట్టర్ లేపాను. రెండు కప్పుల నీళ్లు పోశాను, కావాలనే. కంప్యూటర్ బటన్ నొక్కలేదు. ఏడూ ముప్పై నాలుగు, ఇంకా రాలేదు. రేపట్నుంచి టైంకి రాకపోతే ఒక్క చుక్క దొరకదని చెప్పాలి. మోకాలికి మందు వేసుకుంటోందో లేదో అడగాలి. మా ఆయన బస్సులో అద్దంలోంచి ఏమన్నాడో చెప్పాలి.

సందు మలుపులో చెప్పుల చప్పుడు. కుడికాలు కొంచెం ఈడుస్తోంది, అక్కే.

ఇక ఈ పుస్తకంలో ఆర్డర్లు రాసుకోవచ్చు.